రంగు పెన్సిళ్ళతో మనిషి బొమ్మలు: భంగిమ బిగుసుకుపోతోంది, ఒంటి రంగు బురదవుతోంది

ఉప్పుగాలి:

మనిషి బొమ్మల సాధన మొత్తం రంగు పెన్సిళ్ళతోనే చేస్తున్నాను, గ్రాఫైటు ముట్టుకోవట్లేదు. దగ్గరున్నవి 24 రంగుల మైనపు పెన్సిళ్ళ పెట్టె, 130 జీఎస్ఎం (చదరపు మీటరుకి 130 గ్రాముల బరువున్న కాగితం) ఏ4 కార్ట్రిడ్జ్ బొమ్మల పుస్తకం, తెల్ల రబ్బరు, మెండర్. వారానికి నాలుగు సాయంత్రాలు విశాఖ ఆర్కే బీచ్ మెట్ల దగ్గర గంటసేపు, మిగతా రోజులు ఇంట్లో ఫోన్లో ఫొటోలు చూసి.

ఇబ్బందులు ఇవీ. నిలబడ్డ మనిషి గుంజలా బిగుసుకుని వస్తున్నాడు. గొంతుక్కూర్చున్న వాళ్ళయితే ప్రతిసారీ వెనక్కి పడిపోతున్నట్టే ఉంటున్నారు. చామనచాయ ఒళ్ళు మూడో పొర దాకా బాగానే వచ్చి, నాలుగో పొరకి కాగితం నున్నగా మెరిసిపోయి రంగు పట్టడం మానేస్తోంది. అప్పటికే అది చాయలా కాక బురదలా ఉంటోంది. పాత బొమ్మల్లో ముదురు చోట్ల బూడిద చల్లినట్టు తెల్లటి పొర కూడా వస్తోంది. మెండర్లో ములుకులు వరసగా విరుగుతున్నాయి.

పెన్సిళ్ళు మార్చాలా, కాగితం మార్చాలా, పద్ధతి మార్చాలా? ఏది ముందు?

కాటుకగీత:

పద్ధతి ముందండి. కాగితం ఆ తర్వాత. పెన్సిళ్ళ సంగతి ప్రస్తుతానికి మర్చిపోండి.

గుంజలా రావడానికి అసలు కారణం మొదటి గీతే ముదురు రంగుతో గట్టిగా పడటం. గ్రాఫైటు గీత తప్పితే రబ్బరు ఆడించి సర్దుకుంటాం. మైనపు పెన్సిలు అలా పోదు. రబ్బరు రాపిడికి మైనం మెత్తబడి, రంగు కాగితం పీచులోకి ఇంకా దిగిపోతుంది. చెరగదని తెలుసు కాబట్టి చెయ్యి జంకుతుంది. జంకిన చెయ్యి ఒంటి అంచు పట్టుకుని చీమలా పాకుతుంది. చెవి దగ్గర మొదలుపెట్టి భుజం, మోచెయ్యి, నడుం అంటూ అంచు వెంట దిగిన బొమ్మ ఎంత శ్రద్ధగా వేసినా ఏటికొప్పాక బొమ్మలాగే నిలబడుతుంది.

అందుకని పెట్టెలోంచి ఒకే ఒక్క లేత పెన్సిలు తీసుకుని, మిగతా 23 సంచిలోనే ఉంచండి. ఏ రంగు అన్నది ముఖ్యం. పసుపు వద్దు, బయటి వెలుతురులో తెల్ల కాగితం మీద కనపడదు. లేత నీలం కనపడుతుంది. చేత్తో బొమ్మలు గీసే యానిమేషన్ వాళ్ళు చిత్తు గీతలకి నీలమో ఎరుపో వాడి, పైన ముదురు గీతతో ఖరారు చేసేది అందుకే. కానీ మీరు తర్వాత ఒంటి రంగు వెయ్యబోతున్నారు. నీలం మీద ఓకర్ (మట్టి పసుపు) పడితే ఆకుపచ్చ తిరుగుతుంది. నారింజ గానీ ఇటుక రంగు గానీ తీసుకోండి. పై పొరల్లో అదే కలిసిపోతుంది, చెరపాల్సిన పని ఉండదు.

రాసేటప్పుడు పట్టుకున్నట్టు మొన దగ్గర పట్టుకోవద్దు. మొనకి నాలుగు అంగుళాలు పైన, పెన్సిలు అరచేతి కింద పడుకునేలా పట్టుకుంటే ములుకు పక్క భాగం కాగితానికి తగులుతుంది. అప్పుడు వేళ్ళు కాకుండా భుజం కదులుతుంది. ఒత్తిడి ఎంత అంటే, గీశాక కాగితం తిరగేసి వెనక నుంచి వేలితో తడమండి. గాడి తగలకూడదు. తగిలిందంటే ఆ గాడిలో పై పొర దిగదు, ఒంటి మీద లేత చారలా ఉండిపోతుంది.

30 సెకన్ల బొమ్మకి ఒక వరస పెట్టుకోండి. ముందు తల, అది ఎటు వాలిందో ఆ వాలుతో సహా. తర్వాత గొంతు గుంట నుంచి తొడల మొదలు దాకా ఒకే ఒక్క వంపు గీత. భుజాల వాలుకి ఒక గీత, తుంటి వాలుకి ఒకటి. చివరికి బరువు మోస్తున్న కాలు. అంతే, ఆపెయ్యండి. చేతులు, రెండో కాలు నిమిషం బొమ్మల్లో వస్తాయి. ముఖం ఐదు నిమిషాల లోపు బొమ్మల్లో అసలు వద్దు.

రెండో కాలికన్నా బరువు మోసే కాలినే ఎందుకు ముందు వెయ్యమంటున్నానంటే, నిలబడ్డ మనిషిలో కదలికంతా అక్కడి నుంచే పుడుతుంది. ఒక కాలి మీద ఆనుకున్నప్పుడు ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది, తల ఏదో ఒక పక్కకి సర్దుకుంటుంది. గుళ్ళలో త్రిభంగంలో (ఒళ్ళు మూడు వంపులు తిరిగిన భంగిమలో) నిలబడ్డ శిల్పాల్లో చూసేది ఈ సర్దుబాటే. మేస్త్రీ గోడ నిటారు చూసుకోడానికి గుండు వేలాడదీస్తాడు కదా, అలా పెన్సిలుని రెండు వేళ్ళతో వేలాడదీసి గొంతు గుంట నుంచి కిందికి చూడండి. ఒంటికాలి మీద నిలబడ్డ మనిషికి ఆ గీత ఆ కాలి చీలమండ దగ్గరే పడుతుంది. రెండు కాళ్ళ మధ్య పడిందంటే బరువు రెండింటి మీదా ఉంది; అప్పుడు భుజాలూ తుంటీ దాదాపు అడ్డంగానే ఉండాలి. కాళ్ళు ఒక రకంగా, భుజాలు ఇంకో రకంగా వేస్తే మాత్రం బొమ్మ ఒరిగిపోతుంది.

గంటలో 50 నిమిషాలు ఇలా పంచుకోండి: 30 సెకన్లవి పది, నిమిషానివి ఐదు, రెండు నిమిషాలవి ఐదు, ఐదు నిమిషాలవి రెండు, 20 నిమిషాలది ఒకటి. చిన్నవాటికి జిరాక్స్ కాగితం చాలు, కార్ట్రిడ్జ్ దండగ. ఐదు నిమిషాల బొమ్మ నుంచి రెండో పెన్సిలు, ముదురు గోధుమ, చేతికి తీసుకోండి. దాంతో అంచంతా చుట్టొద్దు. ఒళ్ళు నొక్కుకున్న చోట్లే నొక్కండి: చంక, మోకాలి మడత, నడుం మడత, మడమ నేలకి ఆనే చోటు. వెలుగు పడ్డ వైపు గీత తెగిపోయినా చూసేవాళ్ళ కన్ను కలుపుకుంటుంది.

కొలత విషయం క్లుప్తంగా: నిలబడ్డ పెద్దవాళ్ళు సగటున ఏడున్నర తలల ఎత్తు, ఎత్తులో సగం తొడల మొదలు దగ్గరే వస్తుంది. చేతులు వేలాడేస్తే మోచెయ్యి నడుం దగ్గర, మణికట్టు తొడల మొదలు దగ్గర ఉంటాయి. రెండు నిమిషాల బొమ్మల్లో ఇవి సరిచూసుకుంటే చాలు.

మూడుపెన్సిళ్ళు:

రంగు వైపు చెప్తాను. నాలుగో పొర పట్టకపోవడమూ బురదవడమూ ఒకటి కాదు, వేర్వేరు తప్పులు.

కాగితం మీద కంటికి ఆనని గరుకు ఉంటుంది. పెన్సిలు మైనం ఆ గరుకు గుంటల్లో చిక్కుకునే నిలుస్తుంది. గట్టిగా రుద్దితే గుంటలు నిండి, గరుకు అణిగి, పైన మైనం పలకలా తయారవుతుంది. మీరు చూస్తున్న మెరుపు అదే. దాని మీద రంగు జారిపోతుంది. పైగా మన ఊరి గాలిలో తేమ ఎక్కువ, కాగితం దాన్ని పీల్చుకుని మెత్తబడుతుంది. మెత్తబడ్డ కాగితం గరుకు మామూలు ఒత్తిడికే అణుగుతుంది. పుస్తకాన్ని జిప్ కవరులో, మందుల డబ్బాల్లోనూ చెప్పుల పెట్టెల్లోనూ వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు వేసి పెట్టండి. గీసేటప్పుడు చేతి కింద ఒక కాగితం ముక్క పెట్టుకోండి. చెమట తగిలిన చోట రంగు మచ్చమచ్చగా పడుతుంది. పరీక్ష అట్ట మీద పెట్టి గీస్తుంటే, మీరు గీసే కాగితం కింద ఇంకో నాలుగు కాగితాలు పరవండి. లేకపోతే అట్ట మీది గీతలు కూడా బొమ్మలోకి ఎక్కుతాయి.

20 నిమిషాలు దాటే బొమ్మకి 200 జీఎస్ఎం పైన, కాస్త గరుకున్న కాగితం వాడండి. లేత చేత్తో ఏడెనిమిది పొరలు మోస్తుంది. పొర పొరకీ గీతల దిశ మార్చండి, ఒకటి ఏటవాలుగా, ఇంకోటి దానికి అడ్డంగా. మొన సన్నగా ఉండాలి; మొండి ములుకు గరుకు శిఖరాల మీదే తిరుగుతుంది, గుంటల్లోకి దిగదు. అప్పుడు తెల్ల చుక్కలు కనపడి మనం ఇంకా నొక్కుతాం.

ఇక చాయ. పెట్టెలో ‘స్కిన్’ అని పేరున్న లేత గులాబీ పెన్సిలుని ఒంటి రంగుకి పునాదిగా వెయ్యకండి. ఇక్కడి ఒళ్ళకి అది సరిపోదు. దాని మీద గోధుమ రంగు ఎక్కిస్తే పౌడరు పూసినట్టు తేలిపోతుంది, ఎందుకంటే లేత పెన్సిళ్ళలో తెల్ల వర్ణకం కలుస్తుంది.

చామనచాయకి వరస ఇదీ. మొదట నీడలే వెయ్యండి, ఊదా రంగుతో, చాలా లేతగా. నీడ పడే మెడ కింద, చెయ్యి లోపలి వైపు, నడుం పక్క. వెలుగు చోట ఊదా పడకూడదు. రెండోది ఓకర్, మెరుపు చోట్లు వదిలి ఒళ్ళంతా. మూడోది బర్న్ట్ సియన్నా (ఎర్ర గోధుమ) గానీ ఇటుక రంగు గానీ, సగం వెలుగు నుంచి నీడ దాకా. నాలుగోది ముదురు గోధుమ, నీడలో మాత్రమే. ఆ తర్వాత ఇంకొంచెం ఎరుపు, లేతగా: మోచేతి మొన, వేళ్ళ కణుపులు, చెవి, మోకాలు, మడమ. చర్మం కింద రక్తం కనపడే చోట్లు అవి. నల్లటి ఒంటికి ఊదా బదులు ముదురు నీలంతో మొదలుపెట్టి ఓకర్ తగ్గించండి. నల్లని ఒంటి మీద మెరుపు చిన్నగా, పదునుగా ఉంటుంది. ఆరుబయట అందులో ఆకాశపు నీలం దిగుతుంది. భుజం మీద చెమట మెరుపుని తెల్లగా కాక లేత నీలం ఒక్క గీత తగిలించి చూడండి, ఒళ్ళు తడిగా కనపడుతుంది.

బురద ఎక్కడ వస్తుందంటే, ఎదురెదురు రంగులు సమానంగా పడ్డ చోట. నీడలో ఊదా ఎంతుందో ఓకర్ కూడా అంతే పడితే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఏదో ఒకటి గెలవాలి: నీడలో ఊదా గోధుమల పక్షం, వెలుగులో ఓకర్ పక్షం. నల్ల పెన్సిలుతో నీడ వేస్తే ఒళ్ళు మసి పట్టినట్టవుతుంది. నలుపు జుట్టుకి కూడా ముదురు నీలం మీద ముదురు గోధుమ వేస్తే మేలు. తెల్ల పెన్సిలుతో రుద్ది పొరలు కలిపే అలవాటుంటే మానేయండి. ఏ బొమ్మకైనా ముందు పేజీ అంచున రెండు సెంటీమీటర్ల గడులు నాలుగు గీసి, ఈ వరస అక్కడ పరీక్షించుకుని బొమ్మలోకి రండి.

తెల్ల పొర బూజు కాదు. మందంగా వేసిన మైనం మెల్లగా పైకి తేలి అలా కనపడుతుంది. పాత మెత్తని నూలు గుడ్డతో ఒత్తకుండా తుడిస్తే పోతుంది. పల్చటి పొరలకి ఇది అంతగా రాదు, కాబట్టి పై పద్ధతి పాటిస్తే సగం తగ్గుతుంది. ఎప్పుడైనా కొత్తవి కొంటే నూనె ఆధారంగా చేసినవి చూడండి. ఫేబర్ కాస్టెల్ పాలీక్రోమోస్ ఆ రకమే, 120 రంగుల్లో ఉన్నాయి; పెట్టె కొనక్కర్లేదు, విడిగా ఐదు చాలు.

ములుకు విరగడానికి మామూలుగా మూడు కారణాలు. మెండర్ బ్లేడు మొండిబారితే కోయకుండా మెలితిప్పుతుంది. పెన్సిలు ఒక్కసారి గచ్చు మీద పడితే లోపల ములుకు ముక్కలవుతుంది, పైకి తెలియదు. ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టెని వదిలేస్తే మైనం మెత్తబడుతుంది. బ్లేడుతో చెక్కేట్టయితే ములుకు 6 మిల్లీమీటర్లకి మించి బయటికి తియ్యొద్దు. గ్రాఫైటుకి తీసినంత పొడుగు తీస్తే మైనపు ములుకు నిలవదు.

జాలారిపేట నీడ:

ఇద్దరూ వెలుతురు మాట ఎత్తలేదు. బీచ్‌లో సాయంత్రం కూర్చోవడమే మీ సగం కష్టానికి కారణం అనుకుంటున్నాను.

మనకి సముద్రం తూర్పు ఆగ్నేయంగా ఉంది. సాయంత్రం మెట్ల మీద సముద్రం వైపు తిరిగి కూర్చుంటే సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు. ఎదుట ఉన్నవాళ్ళ మీద వెలుగు చదునుగా పడి నీడ వైపే కనపడదు. కాసేపటికి వెలుగు భవనాల వెనక్కి పోతుంది, ఇసక మీద ఒకే రకం నీడ. డిసెంబరులో ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. నీడలు కనపడనప్పుడు మనం ఊహించి రంగులు వేస్తాం, అది బురద కాక ఏమవుతుంది?

పొద్దున్నే రండి. సూర్యుడు నీళ్ళ మీద ఉన్నప్పుడు నడిచేవాళ్ళందరూ నల్లటి ఆకారాల్లా కనపడతారు. 30 సెకన్ల బొమ్మకి అంతకన్నా మంచి పాఠం లేదు, ముఖాలూ బట్టల పువ్వులూ కనపడవు కాబట్టి చెయ్యి వాటి జోలికే పోదు. ఎనిమిది దాటాక పక్కకి తిరిగి, తీరం వెంబడి చూస్తూ కూర్చోండి. వెలుగు ఒక పక్క నుంచి వచ్చి ఒళ్ళు వెలుగూ నీడగా రెండుగా చీలుతుంది. రంగు సాధనకి ఆ గంట వాడుకోండి. కదలని మనుషులే కావాలంటే బీచ్ రోడ్డు విగ్రహాలు ఉన్నాయి. ఒకే విగ్రహాన్ని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అదే చోట నుంచి వేస్తే వెలుగు ఏం చేస్తుందో తెలుస్తుంది.

గొంతుక్కూర్చున్న వాళ్ళ గురించి. బయటి దేశాల పుస్తకాల్లో కుర్చీలో కూర్చున్న మనిషే ఎక్కువ, ఈ భంగిమ పెద్దగా దొరకదు. మీ బొమ్మ వెనక్కి పడటానికి కారణం వీపు నిటారుగా వెయ్యడం. మడమలు నేలకి ఆనించి కూర్చున్నప్పుడు పిరుదులు మడమలకి వెనగ్గా ఉంటాయి. ఆ బరువుకి సరితూగాలంటే మోకాళ్ళు వేళ్ళని దాటి ముందుకి రావాలి, నడుం పైభాగం తొడల మీదికి వంగాలి, తల దాదాపు కాలి వేళ్ళ మీదికి రావాలి. పక్క నుంచి చూస్తే బరువు గీత పాదం మధ్యలో దిగుతుంది. కాబట్టి ముందు పాదం వెయ్యండి, తర్వాత పాదం మధ్య నుంచి పైకి ఒక నిలువు గీత, ఆ గీతకి వెనక ఎంత ఒళ్ళుందో ముందు కూడా అంత ఉందా చూసుకోండి. మోకాలు చంక దగ్గరికి వస్తుంది, మోచెయ్యి దాని మీద ఆనుతుంది. మొత్తం ఎత్తు నాలుగు తలలకి అటూ ఇటూ, అంతే. బాసింపట్టు వేసి నిటారుగా కూర్చున్నా సుమారు అంతే ఎత్తు, కానీ అక్కడ బరువు తుంటి మీద ఉంటుంది కాబట్టి వీపు నిటారుగా వెయ్యొచ్చు.

ఈ రెండు భంగిమలూ గంటల తరబడి దొరికేది రైతుబజార్లలో. ఎంవీపీ కాలనీలో గానీ సీతమ్మధారలో గానీ కూరలమ్మే వాళ్ళు కూర్చున్న చోటే తూస్తారు, సంచిలో పోస్తారు, డబ్బు తీసుకుంటారు. మూడే పనులు మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఒకే పేజీలో మూడు బొమ్మలు మొదలుపెట్టి, ఏ పని వస్తే ఆ బొమ్మకి రెండు గీతలు చేర్చండి. మనిషి కదిలిపోయాడన్న బాధ ఉండదు.

ఫిషింగ్ హార్బర్ వైపు వలలు బాగుచేసేవాళ్ళని తప్పకుండా వెయ్యండి. కాళ్ళు చాపుకుని, వల కన్నుని బొటనవేలికి తగిలించి బిగుతుగా లాగి పట్టుకుంటారు. ఎదురుగా కూర్చుంటే పాదం ముఖమంత పెద్దగా, మోకాలి నుంచి తుంటి దాకా ఉన్న పొడుగంతా రెండు వేళ్ళ వెడల్పులో కనపడుతుంది. తెలిసిన పొడుగు వెయ్యకండి, కనపడినంతే వెయ్యండి. అరికాలి ఆకారం, దాని వెనక మోకాలి గుండ్రం, దాని వెనక తొడ, మూడు బిళ్ళలు ఒకదాని వెనక ఒకటి పేర్చినట్టు వేసి, ముందున్న దాని అంచు వెనకదాన్ని కప్పేలా చూడండి. బొటనవేలు మిగతా వేళ్ళకి దూరంగా, వెనక్కి వంగి, గోరు దగ్గర రక్తం తగ్గి పాలిపోయి ఉంటుంది. అక్కడ ఎరుపు వెయ్యకుండా ఓకర్‌తో ఆపేస్తే దారం బిగువు తెలుస్తుంది.

అడిగి కూర్చోండి, వేశాక చూపించండి. ఆడవాళ్ళని చెప్పకుండా వెయ్యొద్దు.

ఉప్పుగాలి:

చాలా థాంక్సండీ. ఇంకో మూడు చిన్న సందేహాలు. పుస్తకాలకి అట్టలు వేసే బ్రౌన్ పేపరు మీద వెయ్యొచ్చా? రంగు చెదరకుండా బొమ్మ మీద కొట్టే స్ప్రే ఫిక్సెటివ్ అవసరమా? వానాకాలం బయటికి వెళ్ళలేని రోజుల్లో ఫొటోలు తప్పవు, వాటితో నష్టమేనా?

మూడుపెన్సిళ్ళు:

బ్రౌన్ పేపరు సాధనకి బ్రహ్మాండం, మెరవని గరుకు వైపు వాడితే. కాగితమే మధ్య రంగు అయిపోతుంది, చామనచాయ సగం అక్కడే ఉంది. ముదురు గోధుమతో నీడ, ఇటుక రంగుతో మలుపులు, తెలుపుతో మెరుపు: మూడు పెన్సిళ్ళతో 20 నిమిషాల్లో బొమ్మ నిలబడుతుంది. 18వ శతాబ్దపు ఫ్రాన్సులో వాటో అనే చిత్రకారుడు నలుపు, ఎరుపు, తెలుపు సుద్దలతో మనుషుల్ని వేసింది ఈ లెక్కమీదే. మీరు పక్కన పెట్టిన ‘స్కిన్’ పెన్సిలు ఇక్కడ తెలుపు బదులు మెరుపుకి పనికొస్తుంది. తెలుపూ ముదురు గోధుమా ఒకదాని మీద ఒకటి మాత్రం ఎక్కకూడదు, మధ్యలో కాగితం మిగలాలి. దాచుకునే బొమ్మలు దాని మీద వెయ్యకండి, ఆమ్లం వల్ల ఆ కాగితం కొన్నేళ్ళకి పెళుసెక్కుతుంది.

స్ప్రే సాధన బొమ్మలకి అక్కర్లేదు. వేసేట్టయితే వాన రోజున వద్దు, తేమ గాలిలో ఆ పూత పాలలా తెల్లబడుతుంది. పొడి మధ్యాహ్నం, డాబా మీద, అడుగు దూరం నుంచి పల్చగా రెండు సార్లు.

కాటుకగీత:

తప్పు గీతల గురించి పైన ఒకటి మిగిలిపోయింది. రబ్బరు బదులు మాస్కింగ్ టేపు ముక్కని గీత మీద ఆనించి, గోరుతో మెల్లగా రుద్ది, పైకి లాగండి. లేత గీత చాలావరకు టేపుకి అంటుకుని వచ్చేస్తుంది. గట్టిగా నొక్కిన గీత రాదు.

ఫొటోలతో ఇబ్బంది కటకం దగ్గర వస్తుంది. ఫోనుతో మీటరు దూరం నుంచి తీస్తే దగ్గరున్న చెయ్యీ మోకాలూ ఉబ్బుతాయి, తల చిన్నదవుతుంది. ఇంట్లో వాళ్ళని కూర్చోబెట్టి మీరే తీసుకునేట్టయితే కనీసం మూడు మీటర్లు వెనక్కి జరిగి, జూమ్ చేసి తియ్యండి, ఫోను వాళ్ళ ఛాతీ ఎత్తులో ఉంచి. ఫ్లాష్ ఆపేసి ఒకే కిటికీ వెలుగు. అయితే వానాకాలంలో ఫొటోల కన్నా నిద్రపోతున్న వాళ్ళు మేలు. మధ్యాహ్నం భోజనం అయ్యాక చాప మీద పడుకున్న మనిషి అరగంట పైగా కదలరు, ఎదురుగా పాదాల వైపు కూర్చుంటే హార్బర్ దగ్గర చెప్పిన బిళ్ళల లెక్క అక్కడే సాధన చెయ్యొచ్చు.